ఒక్క ఇంటి వరస

ఎల్లాజీ ఇంట్లో పిల్లకి రోజుకో పేరు.

పొద్దున లేస్తూనే అతని చిన్నకొడుకు సింహాద్రి పక్కకి తిరిగి పెళ్ళాం కడుపు మీద చెయ్యి వేస్తాడు. కడుపు ఉండదు. ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. అప్పుడు దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లోంచి చిన్న కాలొకటి బయటికొచ్చి ఊగుతూ కనపడుతుంది. వాడి ముఖం విప్పారుతుంది.

"పుట్టీసిందేటే? ఎప్పుడు? నన్ను లేపకూడదేటి?"

"నువ్వు లేస్తావా, నీ నిద్దరేటి!" అంటుంది రత్నం నవ్వు ముఖంతో. రోజూ అదే మాట. ఆ నవ్వు ముఖానికి తెచ్చుకోడానికి రత్నం వాడికంటే ముందు లేస్తుంది.

వాడు పిల్లని ఎత్తుకుంటాడు. దాని నెత్తి వాసన చూస్తాడు. వాకిట్లోకి తెచ్చి వెలుగులో తిప్పి తిప్పి చూసి పేరు పెడతాడు. ఒకనాడు గంగ. ఒకనాడు వరాలు. ఒకనాడు పొయ్యి మీద చేపల కూర వాసనొచ్చి వంజరం అన్నాడు. ఆనాడు రత్నం నవ్వబోయి ఏడ్చింది.

పక్కింటి చిన్నమ్మి కంచె మీంచి రోజూ అడుగుతుంది. "ఏటే రత్నం, ఇవాళేటి పేరు? మీ ఆయన్ని మా కోడి పిల్లలకీ పెట్టమను. అవీ పేర్లు నేకుండా తిరుగుతున్నాయి."

ఆ తరవాత సింహాద్రి ఇల్లంతా కలియజూసి ఇంకొక మాట అడుగుతాడు. దానికి జవాబు చెప్పడం ఎల్లాజీ పని.

"అన్న ఏడయ్యా?"

"ఏటకెల్లినాడు."

ఎల్లాజీ మాటలు తక్కువ మనిషి. ఊళ్ళో వాళ్ళు అతనితో తగువు పెట్టుకోడానికి కూడా విసుగుపడతారు, ఎదురు మాట రాదని. అలాంటివాడికి రోజూ పొద్దున్నే ఈ ఒక్క మాట చెప్పడానికి గొంతు తడుపుకోవలసి వస్తోంది.

అన్నదమ్ములిద్దరూ ఒకే తెప్ప మీద వెళ్ళారు. వెళ్ళేనాటికి రత్నానికి ఏడో నెల. రేవు ముందు అల విరిగే చోట తెప్ప తిరగబడింది. సింహాద్రి డీజిలు డబ్బా పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ఊపిరి అందక చాలాసేపు ఉన్నాడేమో, బతికాడు గాని తల్లో ఏదో చెడింది. వేటకెళ్ళిన పొద్దు దాకా అన్నీ తెలుసు. ఆ తరవాత ఏదీ నిలవదు. పగలంతా బాగానే ఉంటాడు, వల బాగుచేస్తాడు, నవ్విస్తాడు. కళ్ళు మూస్తే అంతా తుడుచుకుపోతుంది. ఎప్పుడు నిద్రపోయి లేచినా ఆ వేటకెళ్ళే పొద్దే.

అన్న పోలయ్య దొరకలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

మొదట్లో వాడికి నిజం చెప్పేవారు. విని ఇసకలో పొర్లేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు. మళ్ళీ చెప్పేవారు. మళ్ళీ పొర్లేవాడు. అన్న చావు కబురు మనిషి ఒకసారి వినొచ్చు. రోజూ అదే మొదటిసారిలా వినకూడదు. అందుకని ఎల్లాజీ ఆ అబద్ధాన్ని తన మీద వేసుకున్నాడు.

వంటింటి మూల ఒక సత్తు గిన్నె బోర్లించి ఉంటుంది. పోలయ్య ఆ పొద్దున చద్ది తిన్న గిన్నె. వాళ్ళ ఊరు పాలరేవులో వేటకెళ్ళినవాడు తిన్న గిన్నె వాడు తిరిగొచ్చేదాకా కడగరు. కడిగితే రాడని. మాపటికి వాడు ఒడ్డెక్కాక నవ్వుకుంటూ కడుగుతారు. ఈ గిన్నెని ఎల్లాజీ పెళ్ళాం బండెమ్మ కడగలేదు. చీమలు వచ్చాయి, తిన్నంత తిన్నాయి, వెళ్ళిపోయాయి. బండెమ్మ దాని చుట్టూ ఊడుస్తుంది గాని దాన్ని కదపదు.

పెట్టె సంగతి ఆస్పత్రిలో చెప్పారు. పట్నంలో ఒక పరిశోధనశాల ఉందని, మతి నిలవని వాళ్ళకి బయటినుంచి మతి కట్టే పని చేస్తున్నారని. సింహాద్రి చెవి వెనక రూపాయి బిళ్ళంత బిళ్ళ ఒకటి అమర్చారు. కొబ్బరికాయంత పెట్టె ఒకటి ఇచ్చి ఇంటి గోడకి తగిలించారు. పగలు జరిగిందంతా బిళ్ళలో ఉంటుంది. వాడు పడుకున్నాక అది పెట్టెలోకి వెళ్ళి కూర్చుంటుంది. లేచాక వాడు కావలసింది అక్కణ్ణుంచి తీసుకుంటాడు. కూర్చుంటే పచ్చ దీపం వెలగాలి.

ఇన్నాళ్ళయినా పచ్చ దీపం వెలగలేదు. ఎప్పుడు చూసినా ఎర్ర దీపమే.

అది చూడ్డానికి పరిశోధనశాల నుంచి సువార్త వచ్చింది. ఆ పెట్టె ఎలా నడవాలో రాత రాసిన పిల్ల ఆమే. బస్సు దిగి ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. ఎల్లాజీ వల ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది.

"బాబాయ్ గారూ, పెట్టె బాగానే ఉంది. కొత్త రోజు లోపలికి వెళ్ళట్లేదు. ఎందుకో మీకు ముందు చూపిస్తాను."

చుట్టూ చూసి గవ్వలు ఏరింది. తెప్ప నీడలో ఒకదాని పక్కన ఒకటి పేర్చింది.

"ఒక్కో గవ్వ ఒక్కో రోజు. ఒక్కో ఇల్లనుకోండి. ఇళ్ళు ఇలా వరసగా, మధ్యలో సందు లేకుండా ఉండాలి. లేకపోతే మీ అబ్బాయికి వెతుక్కోడం కష్టం."

నాలుగు పేర్చేసరికి ఐదోది తెప్పకి తగిలింది. చోటు లేదు.

"ఇప్పుడేం చేస్తాం? ఇంకా పెద్ద చోటు చూసుకుని మొత్తం వరసని అక్కడికి తీసుకుపోతాం." గవ్వలన్నీ తీసి అవతల ఖాళీ ఇసకలో మళ్ళీ పేర్చింది. "బాగుంది కదా. ఇప్పుడు మీరొక గవ్వ మీద వేలు పెట్టండి. ఆ రోజుని చూస్తున్నారనుకోండి."

ఎల్లాజీ వేలు పెట్టాడు. సువార్త మిగతావాటితో పాటు దాన్నీ అతని వేలికిందనుంచి లాగి ఇంకో చోటికి పట్టుకుపోయింది. అతని వేలు ఉత్త ఇసక మీద ఉండిపోయింది.

"ఏముంది మీ వేలి కింద?"

ఎల్లాజీకి బావమరిది గుర్తొచ్చాడు. తుపాను తరవాత ఊరిని ఉన్నపళంగా ఎత్తి మెరక మీద కట్టారు. ఆ సంగతి తెలియక బావమరిది పారాదీప్ నుంచి మిఠాయి పొట్లం పట్టుకుని పాత గుర్తుల మీద నడిచొచ్చాడు. ఇళ్ళుండాల్సిన చోట ఇసక. అక్కడ నిలబడి అందరినీ పేరు పేరునా పిలిచాడు. ఎల్లాజీ వెళ్ళి చెయ్యి పట్టుకునే దాకా పిలుస్తూనే ఉన్నాడు. వచ్చాక కూడా చాలా రోజులు మనిషి మనిషిలా లేడు.

"మనిషి పాడైపోతాడు," అన్నాడు ఎల్లాజీ.

సువార్త తల దించుకుంది. "అయ్యాడండీ. మొదటి పెట్టెలో అలాగే జరిగింది. ఒకాయన వాళ్ళమ్మ రోజొకటి చూస్తూ ఉన్నాడు. ఆ నిమిషంలో వరస జరిగింది. ఆయన ఇంకా తేరుకోలేదు. అందుకని నేను వేరే భాషలో మొత్తం మళ్ళీ రాశాను. మనుషుల భాష కాదండీ, యంత్రాల భాష. చాలా పట్టుదల గలది. చూడ్డానికి ఒకే ఇంటిలోకి ఎంతమందైనా రావచ్చు. కానీ ఒక్కరు చూస్తున్నా సరే, కొత్త ఇల్లు కట్టనివ్వదు. కట్టాలని నేను రాస్తే ఆ రాతని యంత్రంలోకి ఎక్కనివ్వదు. నామీద తిరగబడుతుంది."

"అయితే?"

"అయితే ఎవరో చూస్తున్నారు బాబాయ్ గారూ. వరసలో ఉన్నది ఒక్కటే ఇల్లు. అబ్బాయి తల్లో చివర మిగిలిన రోజుని, తెప్ప తిరగబడిన రోజుని, తీసి మేం మొదట పెట్టాం. పచ్చ దీపం వెలిగేదాకా మెలకువలో అది వాడికి అందదు, పెట్టెలో మాత్రం ఉంది. ఆ ఇంటి గుమ్మంలో ఎవరో ఉన్నారు. వదలట్లేదు. ఎర్ర దీపం అదే."

ఇంటివాళ్ళు చూడ్డానికి పెట్టెతో పాటు రెండు పట్టీలు ఇచ్చారు, ముంజేతికి కట్టుకునేవి. ఒకటి గోడకి మేకున వేలాడుతోంది, రెండోది లేదు. ఎల్లాజీ లేచి ఇంట్లోకి నడిచాడు.

బండెమ్మ చేపలు తోముతోంది. మోచేతి దాకా గాజులున్నాయి. గాజుల పైన చీర కొంగు చుట్టుకుని ఉంది. ఎండాకాలం. ఎల్లాజీ ఆ చేతికేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి మావా అలగ సూస్తావు, కొత్త పెళ్ళికొడుకులాగ?"

అతను వంగి కొంగు విప్పాడు. గాజుల వెనక పట్టీ ఉంది. కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. ఎన్నాళ్ళుగా కట్టుకుందో.

బండెమ్మ చెయ్యి లాక్కోలేదు. చేప పొలుసులు అంటిన రెండో చేత్తో పట్టీ మీద కప్పింది.

"అందులో నా పోలిగాడు ఉన్నాడు మావా. తెప్ప మీద కూకుని తమ్ముణ్ణి ఎక్కిరిస్తన్నాడు. 'నీ పెళ్ళాం కూతుర్ని కంటాది, నువ్వు కట్నానికి వలలు అమ్ముకుంటావు' అని. పళ్ళన్నీ కనపడతన్నాయి. నాను కళ్ళు మూస్తే సాలు."

"ఎంతవరకూ సూసినావు?"

"అల కనబడేదాకా. తరవాత సూడను. మళ్ళీ మొదటికి వొచ్చీసి సూస్తాను."

సువార్త గుమ్మంలో నిలబడి ఉంది. మెల్లగా అంది, "అమ్మా, మీరు వదిలితే వరస పెరుగుతుంది. మళ్ళీ ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకోవచ్చు. ఆ రోజు ఎక్కడికీ పోదు."

"నువ్వు సెప్తావమ్మా. సదువుకున్నావు." బండెమ్మ గొంతు గట్టిపడింది. "నాను వొదిలీసిన గంటే ఆడు పోయినట్టు. ఎవులైనా సూస్తన్నంత సేపు ఆడు ఉన్నాడు. గిన్నె కడగనేదు. సెయ్యి వొదలనేదు. ఇంక ఆడు పోడానికి దారేది?"

బయట సింహాద్రి పిల్లని ఆడిస్తున్నాడు. ఇవాళ పేరు వెన్నెల. "ఎన్నెలా, ఎన్నెలా, మీ పెదనాన్న ఒచ్చేదాక పడుకోకే. ఆడు నిన్ను సూడాల," అంటున్నాడు.

బండెమ్మ ఆ మాట విన్నది. చేప పక్కన పెట్టింది. కత్తిపీట పక్కన పెట్టింది. చెయ్యి ముందుకు చాపింది, ఎల్లాజీ వైపు.

"నువ్వు ఇప్పు మావా. నా సేత్తో నాను ఇప్పలేను."

ఎల్లాజీ విప్పాడు. బండెమ్మ అరవలేదు. ఒక్కసారి గాలిలోకి చూసింది, ఎవరో గదిలోంచి లేచి వెళ్ళినట్టు. మళ్ళీ చేప చేతిలోకి తీసుకుంది.

ఆ సాయంత్రం సువార్త ఉండిపోయింది. సింహాద్రి పడుకునేదాకా చూడాలని. రత్నం మంచి రోజుల్లో వాడిని పడుకోనిచ్చేది కాదు. గిల్లేది, కథలు అడిగేది, వక్కలు నమలమనేది. నిద్రపోతే వెళ్ళిపోయే మనిషాయె. ఆనాడు మాత్రం తనే చాప పరిచింది.

వాడు పడుకున్నాడు. అందరూ గోడకేసి చూశారు.

ఎర్ర దీపం.

పొద్దున వాడు లేచి పెళ్ళాం కడుపు మీద చెయ్యి వేశాడు. "పుట్టీసిందేటే?" అన్నాడు.

రత్నం ఆనాడు నవ్వు ముఖం పెట్టలేకపోయింది.

సువార్త ఎల్లాజీని పట్నం తీసుకుపోయింది. పరిశోధనశాలలో గోడలు తెల్లగా, చల్లగా ఉన్నాయి. ఎల్లాజీ కుర్చీ అంచున కూర్చున్నాడు. సువార్త వెలిగే అద్దం మీద ఏదో చూస్తూ చాలాసేపు కదలలేదు.

"ఇంకొక పట్టు ఉంది," అంది. "అమ్మగారిది బయటి పట్టు. ఇది లోపలిది. అబ్బాయిదే."

పెద్ద డాక్టరు విశ్వపతి గారు పక్కన నిలబడ్డారు. "వాడికే పట్టు ఎందుకిచ్చావ్?"

"తన రోజులు తను చూసుకోకపోతే గుర్తెలా వస్తుందండీ? ఇవ్వాలి. గుర్తు చేసుకుంటాడు, వదిలేస్తాడు, ఇంకోటి గుర్తు చేసుకుంటాడు. అందరం అంతే కదా అనుకున్నాను." సువార్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వదలని మనిషి ఉంటాడని నేను అనుకోలేదు."

"వాడికి తెలియదు కదా ఆ రోజు?"

"మెలకువలో తెలియదు. నిద్రలో మాత్రం ఆ ఇంటి గుమ్మానికి వేలాడుతున్నాడు. ప్రతి నిద్రలోనూ. మనం కొత్తది పెట్టాలని చూసే గంటలోనే."

ఎల్లాజీకి వాడి కుడి చెయ్యి గుర్తొచ్చింది. పడుకున్నప్పుడు వాడి పిడికిలి బిగిసి ఉంటుంది. లేచాక అరచేతిలో గోళ్ళ గాట్లుంటాయి. బండెమ్మ వెన్న రాస్తుంది. ఎందుకో అడగలేదు ఎవరూ.

విశ్వపతి గారు చెడ్డమనిషి కాదు. ఇంకా చాలామంది ఉన్నారు ఆ పెట్టె కోసం కాచుకుని. "ఒక దారి ఉంది," అన్నారు. "ఆ మొదటి ఇల్లు చెరిపేద్దాం. పట్టుకోడానికి ఏమీ లేకపోతే పట్టు ఉండదు. వరస ఖాళీ నుంచి మొదలవుతుంది. లేదంటే సోమవారం పెట్టె వెనక్కి ఇచ్చేయండి."

"సెరిపితే పెద్దోడు?" అన్నాడు ఎల్లాజీ.

"ఆ రోజు ఇంకెక్కడా లేదు. అబ్బాయి తల్లో కూడా లేదు, అక్కణ్ణుంచి మేం తీసేశాం కదా."

పోలయ్య ఫోటో ఒకటుంది ఇంట్లో, కార్డు కోసం తీయించింది, అందులో దొంగలా ఉంటాడు. వాడు నవ్వడం ఈ పెట్టెలోనే ఉంది.

ఒక కొడుకుని తుడిచేస్తే ఇంకో కొడుక్కి రేపు ఉంటుంది. ఎల్లాజీ తువ్వాలు భుజం మీద వేసుకుని లేచాడు.

"వొద్దు. ఆడిని నానే అడుగుతాను."

"ఎవరిని?"

"సిమ్మాద్రిని. వొదలమని."

సువార్త అతని వెంట బస్సు దాకా వచ్చింది. "బాబాయ్ గారూ, చూసేవాళ్ళు లోపలికి మాట్లాడలేరు. చూడ్డమే. ఒక్క అక్షరం కూడా మార్చలేరు. నేనే అలా రాశాను."

"మరి బయట్నించి?"

ఆ పిల్ల ఆలోచించింది. "నిద్రలో ఉన్నవాడికి మాట వినపడుతుంది. వింటాడో లేదో తెలియదు. నేనూ వస్తానుండండి."

మర్నాడు మధ్యాహ్నం. సింహాద్రి గంజి తాగి, తెప్ప చాటున నీడలో తాడు పేనుతున్నాడు. పొద్దున పిల్లకి పేరు ముత్యాలు అని పెట్టాడు. ఎల్లాజీ పక్కన కూర్చుని తాడు రెండో కొస పట్టుకున్నాడు.

"ఏటయ్యా, ఇవాళ నువ్వొచ్చి నా కాడ కూకున్నావు? సముద్రం గాని ఎండిపోయిందేటి?"

"కాస్సేపు నడుం వాల్చరా."

"అన్న ఒచ్చే ఏళైంది కదా."

"నాను సూస్తాను. నువ్వు వాల్చు."

తండ్రి మాట తియ్యలేక వాడు ఇసకలో వాలాడు. గాలి తగిలి కాసేపట్లో నిద్రపోయాడు. కుడి చెయ్యి మెల్లగా మూసుకుంది. రత్నం పిల్లని ఒళ్ళో వేసుకుని తెప్పకి ఆనుకుంది. బండెమ్మ గుమ్మం దాటి రాలేదు, అక్కణ్ణుంచి చూస్తోంది. పెట్టెని సువార్త ఒళ్ళో పెట్టుకుంది. ఎర్ర దీపం.

ఎల్లాజీ బండెమ్మ విప్పిన పట్టీని తన చేతికి కట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అతను చూడలేదు. చూడాలనీ అనిపించలేదు, అనిపించినప్పుడు వల పనిలో పడి అనిపించనట్టు ఉన్నాడు. కళ్ళు మూశాడు.

ఎండ. పోలయ్య పళ్ళు. "నీ పెళ్ళాం కూతుర్ని కంటాది." ఇంజిను చప్పుడు. బండెమ్మ ఎన్నడూ దాటని చోటు వచ్చింది. ఆకుపచ్చ గోడలాగ అల లేచింది. ఎల్లాజీ దాన్ని దాటాడు.

నీళ్ళు. ఉప్పు. పైన తెప్ప బోర్లా తిరిగి ఉంది. సింహాద్రి ఎడం చెయ్యి డబ్బాకి చుట్టుకుని ఉంది. కుడి చేతిలో అన్న చెయ్యి. పోలయ్య కాలికి వల చుట్టుకుపోయింది. వల తెప్పతో, తెప్ప అలతో కిందకి లాగుతోంది. డబ్బా కూడా మునుగుతోంది. అల తగ్గినప్పుడల్లా పోలయ్య ముఖం పైకొస్తోంది. అరుస్తున్నాడు.

"వొదిలీరా సిమ్మాద్రీ! రత్నం నీ దారి సూస్తాది రా! వొదిలీ!"

"నాను వొదల్ను!"

"సచ్చినోడా, అన్న మాట ఇనవేటి!"

పోలయ్య తన వేళ్ళు విప్పేశాడు. ఒక్కొక్కటీ. అన్న వేళ్ళు విడిపోయినా తమ్ముడి వేళ్ళు ఆ మణికట్టు మీదే ఉన్నాయి. పోలయ్య రెండో చేత్తో తమ్ముడి బొటనవేలు వెనక్కి వంచుతున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నీళ్ళలో తెలియలేదు. ఆ ఇల్లు అక్కడితో అయిపోయింది. ఆ తరవాత గది లేదు. మళ్ళీ ఎండ. పోలయ్య పళ్ళు.

ఎల్లాజీ కళ్ళు తెరిచాడు. పట్టీ విప్పి సువార్తకి ఇచ్చాడు.

ఎదురుగా కొడుకు పిడికిలి. అరచేతిలోకి గోళ్ళు దిగి ఉన్నాయి. ఎల్లాజీ వంగి వాడి చెవి దగ్గర నోరు పెట్టాడు. ఏం చెప్పాలో కూడబలుక్కోవడం అతనికి రాదు.

"ఒరే సిమ్మాద్రీ. నానురా, అయ్యని."

గాలి.

"నువ్వు వొదలనేదు. నాను సూసినాను. నువ్వు సెయ్యి వొదలనేదురా. అన్నే ఇప్పుకున్నాడు. నిన్ను ఎవులూ ఏటీ అనరు." అతను వాడి చెంప మీది ఇసక తుడిచాడు. "అన్న నీకో మాట సెప్పినాడు. ఇన్నాళ్ళూ ఇననేదు. పెద్దోడి మాట ఇనాల కదరా. రత్నం సూస్తాది. పిల్ల సూస్తాది. వొదిలీరా నాయినా."

పిడికిలి కదలలేదు.

ఎల్లాజీ దాన్ని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. వల ముడి పడితే తెంచకుండా విప్పుతారు, ఓపిగ్గా, ఏది ముందు కదిలితే దాన్ని. బొటనవేలు దగ్గర మొదలుపెట్టాడు, పోలయ్య ఎక్కడ వదిలాడో అక్కడ. వెనక్కి వంచాడు. అది మళ్ళీ మూసుకుంది. మళ్ళీ వంచాడు. "వొదిలీరా. వొదిలీ." ఇంకేం మాట రాలేదు అతనికి. అదే అన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో గుమ్మంలో ఉన్న బండెమ్మకి తెలుసు, ప్రతిసారీ ఆమె పెదవులు కదిలాయి.

ఈసారి బొటనవేలు వెనక్కే నిలిచింది. చూపుడు వేలు దానంతటదే వచ్చింది. మిగతావి అల వెనక్కి తీసినట్టు విడిపోయాయి. చెయ్యి ఇసకలో వెల్లకిలా పడింది. నిద్రలోనే వాడి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మనిషి చేసే చప్పుడు కాదది. ఒడ్డుకి లాగేటప్పుడు తెప్ప అడుగు చేసేది.

"బాబాయ్ గారూ," అంది సువార్త. ఒళ్ళో పెట్టె పచ్చగా వెలుగుతోంది. కాసేపు మిణుకుమిణుకుమని నిలిచింది. "కూర్చుంది. రెండో ఇల్లు కూర్చుంది."

పొద్దు వాలే వేళకి సింహాద్రి లేచాడు. వాడు కళ్ళు నులుముకున్నాడు. పెళ్ళాం కడుపుకేసి చూడలేదు. ఉయ్యాల కోసం వెతకలేదు. తెప్పకి ఆనుకుని రత్నం ఒళ్ళో ఉన్న పిల్లకేసి తిన్నగా చూశాడు.

"ముత్యాలు నిద్దరోయిందేటి?" అన్నాడు.

రత్నం పిల్లని వాడి ఒళ్ళోకి తోసి, రెండు చేతులతో నోరు కప్పుకుంది. కంచె అవతల చిన్నమ్మి అరిచింది. "ఓలమ్మా, పొద్దుటి పేరే!" అని వీధంతా పరిగెత్తింది.

సింహాద్రి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తండ్రికేసి చూశాడు. "అన్న ఏడయ్యా" అని అడగలేదు. ఎల్లాజీ గొంతు తడుపుకుని సిద్ధంగా ఉన్నాడు, అబద్ధానికి కాదు, నిజానికి. ఆ అవసరం రాలేదు.

వాడు పొర్లలేదు. పిల్ల వీపు మీద ఆ చెయ్యి తెరిచి వేసి, ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చున్నాడు. చీకటి పడబోతుండగా అన్నాడు.

"ముత్యాలొద్దు రత్నం. పోలమ్మ అందాం."

పాలరేవులో ఇంట్లో తిరిగే మనిషి పేరు పిల్లలకి పెట్టరు. పోయినవాళ్ళ పేరే పెడతారు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సువార్త లేచి పట్టీ పట్టుకుని బండెమ్మ దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, ఇప్పుడు మీరు మళ్ళీ చూడొచ్చు. మెలకువగా ఉన్నప్పుడు ఎంతసేపైనా చూడొచ్చు. పెద్దబ్బాయి అక్కడే ఉన్నాడు."

బండెమ్మ పట్టీ తీసుకోలేదు. "ఉండనీ," అంది. "ఆడి ఇల్లు ఆడికి ఉండనీ."

లోపలికి వెళ్ళి మూల బోర్లించిన సత్తు గిన్నె తీసింది. కింద నేల మీద గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది. గిన్నె వాకిట్లోకి తెచ్చి గొంతుక్కూచుని ఇసకా బూడిదా వేసి తోమడం మొదలుపెట్టింది. అన్నం మెతుకులు రాయిలా అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకింది. మళ్ళీ తోమింది. ఒక మెతుకు రాలేదు.

ఎల్లాజీ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇంకొంచెం పొయ్యి మావా," అంది బండెమ్మ.

అతను పోశాడు.